తాళం వేసిన గేటు, ఆటపాక గూడబాతులు

కొల్లేటి పక్షులను చూడదలచినవారు తెల్లవారకముందే గట్టు మీద ఉండాలి. ఫాల్గుణం ఆరంభంలో నేనూ, నా భార్యా, మా బావమరిదీ ముందురోజు సాయంత్రమే కైకలూరు చేరుకున్నది అందుకే. రైలు ప్రయాణం హాయిగా సాగింది. బస మాత్రం మా ఉదయాన్ని మింగేసింది.

గది అద్దె 1,400 రూపాయలు. నాలుగున్నరకే బయలుదేరతామని డబ్బు కట్టేటప్పుడే చెప్పగా, "కాపలా మనిషి ఉంటాడండీ, గేటు తీస్తాడు" అని గుమాస్తా హామీ ఇచ్చారు. తీరా కిందికి దిగేసరికి గేటుకు తాళం వేసి ఉంది. కాపలా మనిషి జాడ లేదు, గుమాస్తా ఫోను ఎత్తలేదు. ఆరుంబావుకు వచ్చి తాళం తీస్తూ గుమాస్తా, "పక్షులెక్కడికి పోతాయండీ?" అన్నారు. పోతాయి. రాత్రంతా గుంపుగా నిద్రించిన కొంగలూ నీటికాకులూ వెలుగు రాగానే మేతకు చెదిరిపోతాయి. ఆ బారులను చూడడానికే మేము అంత దూరం వెళ్లాము. పక్షులు గూళ్లు కట్టుకునే ఆటపాకకు ఆటోలో (150 రూపాయలు) వెళ్తున్నంతసేపూ నా భార్య ఒక్క మాటా మాట్లాడలేదు.

మమ్మల్ని ఆదుకున్నవి గూడబాతులే (పెలికాన్లు). గూళ్లలో పిల్లలు ఉన్నందువల్ల అవి కదలలేదు. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఈ సరస్సును చేపల చెరువులు ఎంతగా కమ్ముకున్నాయో దారి పొడవునా కనిపిస్తుంది. ఆటపాకలో గూళ్ల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలపవలసి వచ్చింది. అలాంటి ఒక స్టాండు మీద, మసక తెలుపు నూగుతో ఉన్న పిల్ల ఒకటి తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ వరకు తల దూర్చి, రెక్కలు టపటపలాడిస్తూ చేపను లాక్కుంటోంది. తల్లి పైముక్కు అంచున వరుసగా ఉన్న నల్లని చుక్కలను కూడా బైనాక్యులర్లో లెక్కపెట్టవచ్చు. అంతవరకు ముభావంగా ఉన్న నా భార్య పది గంటల దాకా ఆ బైనాక్యులర్‌ను మా చేతికి ఇవ్వలేదు.

తిరిగి వచ్చాక అద్దెలో కొంత తగ్గించమని మా బావమరిది అడిగితే గుమాస్తా ఒప్పుకోలేదు. పక్షుల కోసం వెళ్లేవారు గదిలో ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాక, రాత్రి గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో అడిగి, ఆ మనిషిని కళ్లారా చూసి, అతని ఫోను నంబరు తీసుకున్న తరువాతే డబ్బు కట్టాలి.