అలిపిరి మెట్ల మీద వాచీ చెప్పే గుండె లెక్క: రెండేళ్ల వాడకం తర్వాత

కూర్చున్నప్పుడు, నిద్రలో నా స్మార్ట్‌వాచీ చూపే గుండె వేగానికి వంక పెట్టలేం. గుండె వేగం కొలవడానికి ఛాతీకి కట్టుకునే పట్టీతో పోలిస్తే నిమిషానికి రెండు మూడు కొట్టుకోళ్ల తేడా, అంతే. చిక్కల్లా మెట్లెక్కేటప్పుడే.

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, చాలావరకు ఎక్కుడే. గుండె వేగం నిలకడగా పెరుగుతుంది కాబట్టి వాచీ అందుకుంటుంది. అలిపిరి దారి 3,550 మెట్లు. గాలిగోపురం దాటాక చదును, తర్వాత మోకాళ్ల పర్వతం దగ్గర ఒక్కసారిగా నిలువు. అక్కడ ఛాతీ పట్టీ 150 దాటినా వాచీ 125 దగ్గరే ఉండి, అరనిమిషానికి గానీ తేరుకోదు.

అంతకన్నా పెద్ద మోసం చదునులో ఉంది. వాచీ చర్మంలోకి ఆకుపచ్చ వెలుగు పంపి, తిరిగొచ్చిన వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి నాడి లెక్కిస్తుంది. చెయ్యి ఊగితే ఆ కదలిక కూడా అందులో కలుస్తుంది. నిమిషానికి 110 అడుగులు వేస్తుంటే అంకె కూడా 110 దగ్గరే అతుక్కుపోతుంది. అనుమానమొస్తే అర నిమిషం ఆ చేతిని ఛాతీకి ఆనించి నడవండి. అంకె ఒక్కసారిగా మారిపోతే అప్పటిదాకా చూసింది అడుగుల లెక్కే. ఆగి మెడ దగ్గర నాడి పట్టుకున్నా తెలుస్తుంది: 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. ఆలస్యం చేస్తే గుండె నెమ్మదించి, ఆ లెక్కా తప్పుతుంది.

వాచీ పట్టీ మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, కదలకుండా ఉండాలి. రక్తం ఆగేంత బిగిస్తే నాడే దొరకదు. మన దగ్గర చాలామంది మణికట్టుకు కట్టుకునే ఎర్రతాడు సెన్సర్ కిందికి జారితే సందులోంచి బయటి వెలుగు దూరుతుంది. వాచీని రెండో చేతికి మార్చుకోవడం సులువు. నల్ల పచ్చబొట్టు మీద పెట్టినా అంతే, సిరా వెలుగును మింగేస్తుంది. ఎండాకాలం చెమట ఎండి సెన్సర్ అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవాలి. చలికాలం తెల్లవారుజామున చేతులు చల్లబడి మొదటి కొన్ని నిమిషాల అంకెలు పిచ్చిగా వస్తాయి, వాటిని వదిలేయండి.

ఎక్కబోయే ముందు వర్కౌట్ మోడ్ పెట్టడం మరవద్దు. లేకపోతే చాలా వాచీలు కొన్ని నిమిషాలకోసారే కొలుస్తాయి. మోకాళ్ల పర్వతం మీద ఏం జరిగిందో గ్రాఫులో ఉండదు. బ్యాటరీ తొందరగా దిగుతుంది, తప్పదు.

గుండె లయ తప్పేవాళ్లకు ఇంకో ఇబ్బంది. బలహీనమైన కొట్టుకోళ్లు మణికట్టు దాకా అందవు, వాచీ తక్కువ చూపిస్తుంది. అలాంటివాళ్లు మెట్లెక్కే విషయం డాక్టరుతోనే తేల్చుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే అంకె ఎంతున్నా సరే, ఆ మెట్టు మీదే కూర్చుని పక్కవాళ్లను పిలవాలి.