కర్నూల్లో పెళ్ళి డీవీడీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న కథ

ముందే చెప్తున్నా, అంగడి పేరు రాయను. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర సందులో ఉండే ఒక ఫోటో స్టూడియో అనుకోండి చాలు. మొదటిసారి పని చెడగొట్టినాడు, రెండోసారి పైసా అడక్కుండా సరిచేసిచ్చినాడు, అట్లాంటాయన్ని పేరు పెట్టి తిట్టనూ లేను పొగడనూ లేను.

మా పెళ్ళి 2007లో. దానివి మూడు డీవీడీలు, 2002లో మా అమ్మోళ్ళ ఇంటి గృహప్రవేశానివి రెండు వీసీడీలు. 2009 అక్టోబర్‌లో వరదొచ్చినప్పుడు పాతబస్తీలో ఆ ఇల్లే మునిగింది, సజ్జ మీది సామాన్ల దాకా ఎక్కినాయి నీళ్ళు. పెళ్ళి ఆల్బమ్ అంతా ఒకటే ముద్ద, పేజీ లాగితే మొహాలు పక్క పేజీకి అంటుకోని వచ్చేస్తాయి. డిస్కులు ప్లాస్టిక్ కదా, బురద కడిగితే నిలబడినాయి. ఇప్పుడు మా తాత మాకు కనిపించేది వాటిల్లోనే, తలంబ్రాలప్పుడు అక్షింతలేసి కెమెరా తన వైపు తిరిగిందని తెలిసి కండువా సర్దుకుంటాడు, అంతే, పది సెకన్లు కూడా ఉండదు. అది అవ్వకు చూపించాలని నా తాపత్రయం. అవ్వ కోడుమూరులో మా మామ ఇంట్లో ఉంటుంది, డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పోయింది, ఉండేది యూఎస్‌బీ గుంత ఉన్న పాత ఎల్ఈడీ టీవీ ఒకటి.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేదానికి స్టూడియో ఆయన డిస్క్‌కు 150 అన్నాడు, అయిదింటికీ 700కు ఒప్పుకున్నాడు. మూడు రోజులకు ఇచ్చినాడు, స్టూడియోలో ఆయన కంప్యూటర్ మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంది. తీసుకోని కోడుమూరు పోయి పెడితే టీవీ అసలు పెన్‌డ్రైవ్ ఉందనే ఒప్పుకోలే! పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళు సర్దిపెట్టే పద్ధతులు రకరకాలు ఉంటాయి, అది 64 జీబీది, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఉండింది, ఆ కాలం టీవీలు చాలావాటికి ఫ్యాట్32 అనే పాత పద్ధతి తప్ప తెలీదు. సరేలే అని మామ కొడుకు ఇంకో 16 జీబీది ఫ్యాట్32 చేసి కాపీ పెడితే, పెళ్ళి మొత్తం ఒకే ఫైలు 6 జీబీ, ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి అది ఎక్కదు. ఎట్లో రెండు ముక్కలు చేసి పెట్టినాడు, అప్పుడు మేళాలు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. నల్లటి టీవీ ముందు కూర్చోని అవ్వ "మీ పెండ్లి రాత్రిపూట అయిందేమే" అనింది.

మళ్ళీ పోయి అడిగితే అసలు సంగతి బయటపడింది. వీడియోను కుదించే కొత్త రకం హెచ్.265 అని ఉంది, ఆయన దాంట్లో చేసినాడు, సైజు తక్కువ వస్తాది కాబట్టి అందరికీ అదే చేస్తాడంట. కొత్త ఫోన్లకు ఇబ్బంది లేదు, పాత టీవీలకు, కార్లో స్టీరియోలకు అది పడదు, దానికి ముందుది హెచ్.264లో ఎంపీ4 కావాల, సౌండు ఏఏసీ అనే రకంలో ఉంటే మేలు. అన్నా, దేంట్లో చూస్తారు అని ఒక్క మాట నన్ను అడిగి ఉంటే పోయేది కదా అన్నా అంటే, నువ్వు చెప్పలేదు కదమ్మా అన్నాడు. నిజమే గానీ నాకేం తెలుసు. వీసీడీలైతే ఇంకా అన్యాయం, లోపల వీడియో ఉండే డీఏటీ ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు కాపీ కొట్టి ఇచ్చినాడు, దానికి కూడా 150 లెక్కే.

రెండోసారి మటుకు పక్కన కూర్చోపెట్టుకోని చేసినాడు. మొదటి దాంట్లో మా ఆయన మొహం అడ్డంగా సాగి గుమ్మడికాయ మాదిరి ఉండింది, ఎందుకంటే అప్పటి వీడియో 4:3ది, దాన్ని వెడల్పు తెరకు సాగదీసినాడు. అది సరిచేయించినా. ఎవరన్నా చెయ్యి ఊపితే దువ్వెన పళ్ళ మాదిరి గీతలు పడుతుండె, డీఇంటర్లేస్ అని ఒక టిక్కు పెడితే పోయినాయి. పెళ్ళికూతుర్ని చేసేది, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు వేరే వేరే ఫైళ్ళుగా కోయించినా, అవ్వకు రిమోట్‌తో అంతసేపు ముందుకు తోయడం రాదు. గుండె ఆకారం ఫ్రేములు, ఎగిరే గులాబీలు ఉన్నాయి కదా అప్పటి మిక్సింగ్‌లో, తీసేద్దామా అని నవ్వినాడు, బొమ్మలోనే అతుక్కున్నవి యాడ పోతాయి.

ఇంకో మాట, ఎక్స్‌ట్రా ఇస్తే 4కె చేస్తా అన్నాడు. ఇది మాత్రం నమ్మొద్దు. మన డీవీడీ బొమ్మలో ఉండేదే 720 బై 576 చుక్కలు, వీసీడీలో 352 బై 288. లేని కంటి రెప్పలు కంప్యూటర్ ఊహించి గీస్తాది, మా మేనత్త మొహం మైనం బొమ్మ మాదిరి వచ్చింది, వద్దన్నా.

ఆయన్ని మెచ్చుకోవాల్సింది మూడో డిస్క్ దగ్గర. దాని మీద వరద బురద మరక ఇంకా అంచున ఉంది, కొత్త డ్రైవ్‌లో తిరిగి తిరిగి ఆగిపోతోంది. కొంచెం సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్యలో నుంచి అంచుకు తిన్నగా తుడిచినాడు, గుండ్రంగా రుద్దితే గీత ట్రాక్ వెంబడే పడి పనికిరాకుండా పోతాదంట. తర్వాత మూలన ఉన్న పాత డెస్క్‌టాప్‌లో డీవీడీ రైటర్‌కు పెట్టినాడు, టీ తాగొచ్చినా, భోజనం చేసొచ్చినా, అది చదువుతానే ఉంది. ఆఖరి ఇరవై నిమిషాలు రాలేదు, అప్పగింతలు సగం పోయినాయి. దానికి డబ్బులు వద్దన్నాడు, నేనే ఇచ్చినా.

ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవ్ ఉండి ఓపిక ఉంటే వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే దొరుకుతాది, ఇంట్లోనే చేసుకోవచ్చు. నాకు రెండూ లేవు.

కోడుమూరులో ఇప్పుడు తలంబ్రాల ఫైలు ఒక్కటే మళ్ళీ మళ్ళీ ఆడుతోంది. పెన్‌డ్రైవ్ పోకుండా అవ్వ ఎర్ర దారం కట్టి టీవీ వెనక మేకుకు తగిలించింది, తాత కండువా సర్దుకోంగానే మామ కొడుకును పిలిచి మళ్ళీ మొదటికి పెట్టమంటుంది.