ఏడాదికోసారి ఫామ్ ట్రిప్పా, బడి వెనక మెంతి మడా?

మా అమ్మాయి నాలుగో తరగతి, బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు బడి. పిల్లలకి మంచి తిండి అలవాటు చేద్దామని పోయినేడు పేరెంట్స్ మీటింగ్‌లో రెండు ఆలోచనలు వచ్చాయి. దొడ్డబళ్ళాపురం దగ్గర ఒక ఫామ్‌కి ఒకరోజు తీసుకెళ్ళడం, లేదా బడి వెనక ఖాళీ జాగాలో మడులు కట్టి పిల్లల చేతే పండించడం. వాదించుకుని వాదించుకుని చివరికి రెండూ చేశారు.

ముందు ట్రిప్ సంగతి. మనిషికి వెయ్యి చిల్లర, పొద్దున ఆరున్నరకి బస్సు, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గరే సగం ఉత్సాహం చచ్చింది. అక్కడికి చేరాక పిల్లలకి పండగే, కాదనను. రాగి కంకి చేత్తో పట్టుకుని చూశారు, ట్రాక్టర్ ఎక్కారు. మధ్యాహ్నం భోజనం మాత్రం నూడుల్స్, కూల్‌డ్రింక్! చుట్టూ పొలం, ప్లేట్లో ప్యాకెట్ సరుకు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి బడికి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2020లోనే నిబంధన పెట్టింది, బస్సెక్కితే అది చెల్లదు కాబోలు.

మడులు నాలుగే, ఒక్కోటి మంచమంత. మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక, నెల తిరిగేసరికి కోత. ముల్లంగికి నెలన్నర. టమాటా, వంకాయ జోలికి మొదటిసారే పోకండి, కాయ కనిపించేసరికి రెండు నెలలు దాటుతుంది, అంతవరకు ఆ వయసు పిల్లలు ఆగరు.

మా పిల్ల సాంబారులో ముల్లంగి ముక్కలు ఏరి కంచం అంచున పేర్చే రకం. తను పీకిన మొదటి ముల్లంగికి రెండు కాళ్ళున్నాయని పగలబడి నవ్వి, కొళాయి కింద కడిగి కొరికి, "కారం!" అని ఉమ్మేసింది. మరుసటి వారం ఉప్పు, నిమ్మరసంతో ఒక ముక్క. ఆ తర్వాత టీచర్ పెసరపప్పు కోసంబరిలో (నానబెట్టిన పప్పుతో చేసే సలాడ్) తురిమి కలిపితే పక్కనున్న పిల్లల్ని చూసి తనూ రెండు చెంచాలు తినేసింది. కొత్త రుచి పిల్లలకి పట్టాలంటే ఎనిమిది పది సార్లైనా నోటికి తగలాలని పోషకాహార నిపుణులు చెప్పేది ఇందుకే. ట్రిప్‌లో తగిలేది ఒక్కసారి, మడి దగ్గర వారం వారం. నా ఓటు మడికే.

అలాగని మడికి తిప్పలు లేవని కాదు. దసరా సెలవుల్లో నీళ్ళు పోసే దిక్కులేక సగం మెంతికూర మాడిపోయింది, మిగిలింది వాచ్‌మన్ పుణ్యం. ఇంకా మనది బెంగళూరు. 2024 మార్చిలో నీళ్ళ కరువొచ్చి, తాగునీళ్ళు మొక్కలకి పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుందిగా? అందుకే బడి వంటింట్లో కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి పోయిస్తున్నాం. ఏప్రిల్, మే నెలల్లో మడి ఖాళీగా వదిలేయడమే మంచిది. బడి ఒప్పుకోకపోతే బాల్కనీలో రెండు కుండీలు పెట్టుకోవచ్చు గానీ, పక్కపిల్లలు తింటుంటే తినే సంబరం ఇంట్లో రాదు.

ట్రిప్ తప్పదంటే కాలం చూసుకుని వెళ్ళండి. నవంబర్లో అయితే జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) కృషి మేళా, అంటే రైతుల సంత, జరుగుతుంది. లేదా డిసెంబరు, జనవరిల్లో అనపకాయ (సొరకాయ కాదు, గింజ చిక్కుడు) చేనుకి తీసుకెళ్ళి, కాయలు కోయించి, ఒలిపించి, నానబెట్టిన గింజలు పిల్లల చేతే పితికిస్తే ఆ సాయంత్రం పితికిపప్పు పులుసు వద్దనే పిల్ల ఉండదు. చిత్తూరు వాళ్ళం, మాకు ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది.

జూన్‌లో మళ్ళీ మడులు తవ్వాలి. నేను గోంగూర అన్నాను, కన్నడ టీచరమ్మ దంటు సొప్పు (తోటకూర) అంటుంది. ప్రస్తుతానికి మడి మధ్యలో తాడు కట్టి చెరి సగం పంచుకున్నాం.