వాట్సాప్ బిజినెస్‌లో కలంకారీ బొమ్మలు అమ్ముకోవచ్చా? రెండేళ్లు వాడాక చెప్తున్నా

మాది శ్రీకాళహస్తి. పెన్ కలంకారీ వేస్తాను, అంటే మచిలీపట్నం వాళ్లలా అచ్చులు అద్దడం కాదు, వెదురు పుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి దారం బిగించిన కలంతో చేత్తో గీయడం. ఇంతకుముందు వేసినవన్నీ దుకాణాలకే ఇచ్చేదాన్ని, వాళ్లు చెప్పిందే రేటు. రెండేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెట్టి, వాట్సాప్ బిజినెస్‌లో నేనే అమ్ముకుంటున్నాను. ఏ యాప్ మంచిదని మా వీధిలో బొమ్మలు వేసే పిల్లలు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. పదిమందికి కనపడాలంటే ఇన్‌స్టా కావాలి, కానీ డబ్బు చేతికి రావాలంటే మాత్రం నా ఓటు వాట్సాప్ బిజినెస్‌కే.

ఇన్‌స్టా సంగతి ముందు చెప్తా. పూర్తయిన బొమ్మ ఫోటో కంటే సగంలో ఉన్న పని చూపిస్తేనే జనం ఆగి చూస్తారు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము పులియబెట్టిన రంగుతో గీస్తే గీత కలం వెంటే నల్లగా తేలుతుంది. అమ్మవారి కన్ను గీస్తూ దాన్ని దగ్గర నుంచి 15 సెకన్లు తీసి పెట్టాను, మాటల్లేవు, పాట కూడా లేదు, ఆ ఒక్క వీడియో చూసి 11 మంది ఆర్డర్ ఇచ్చారు. మా ఊరి స్వర్ణముఖి నదిలో నీళ్లున్న రోజుల్లో గుడ్డ ఉతికే వీడియోలు కూడా బాగా చూస్తారు. ధర దాచిపెట్టి 'మెసేజ్ చేయండి' అని రాయడం మాత్రం మానేశాను. ధర, కొలత పోస్టులోనే రాస్తే ఊరికే అడిగేవాళ్లు తగ్గారు, నిజంగా కొనేవాళ్లే పలకరిస్తున్నారు.

ఇన్‌స్టా బయోలో వాట్సాప్ లింక్ ఇచ్చాను, నొక్కితే నేరుగా నా చాట్‌కి వస్తారు. ఈ యాప్ ఉచితం, మామూలు వాట్సాప్ వాడటం వస్తే ఇదీ వచ్చేస్తుంది. నాకు బాగా పనికొచ్చింది కేటలాగ్. ఫోటో, ధర, వివరం, కోడ్ నంబర్ అన్నీ ఒకచోట ఉంటాయి, అడిగిన ప్రతివాళ్లకీ గ్యాలరీలో వెతికి మళ్లీ మళ్లీ పంపే పని తప్పింది. లేబుల్స్ కూడా మంచివి. డబ్బు రావాల్సినవాళ్లు, ఇచ్చేసినవాళ్లు, పార్సిల్ వెళ్లిపోయినవాళ్లు అని రంగులవారీగా పెట్టుకుంటే దసరా ముందు వచ్చే రద్దీలో కూడా టెన్షన్ ఉండదు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది ప్రింటా అక్కా, చేత్తో వేసిందా?" తప్పు లేదు, స్క్రీన్ ప్రింట్ గుడ్డల్ని కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు మరి. దానికి క్విక్ రిప్లై, అంటే ముందే రాసి దాచుకునే జవాబు, ఒకటి పెట్టుకున్నా, వెంటనే గుడ్డ వెనకవైపు ఫోటో పంపిస్తా. రంగు వెనక్కి దిగి ఉంటుంది, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, అది చూశాక ఇంకెవరూ అడగరు. ఫోటో హెచ్‌డీలో పంపండి, మామూలుగా పంపితే సన్న గీతలు మసకబారతాయి. ట్యూబ్‌లైట్ కింద మా ఎరుపు వేరేగా కనిపిస్తుంది, అందుకే పొద్దున్నే వరండాలో నీడపట్టున తీస్తాను.

ఇబ్బంది కూడా చెప్పాలి. మనవి ఒక్కొక్కటే ఉండే బొమ్మలు కదా, అమ్ముడుపోగానే కేటలాగ్‌లో మనమే దాచేయాలి. నేను మర్చిపోయి ఒకే వినాయకుడికి ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నా, రెండో ఆమెకి ఫోన్ చేసి విషయం చెప్పి, ఇంకొకటి వేసి ఇచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. ఒకతను డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టి పార్సిల్ ఎప్పుడు వేస్తారని తొందర పెట్టాడు, అకౌంట్ చూస్తే ఒక్క రూపాయి లేదు. ఇంకొకతను డబ్బు రావాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. డబ్బు తీసుకోవడానికి యూపీఐలో పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి.

ఇక పార్సిల్. మొదట్లో ఫ్రేమ్ కట్టించి పంపేదాన్ని. ఒక కొరియర్‌లో వేసిన 2 అడుగుల దశావతారాలు హైదరాబాద్ చేరేసరికి అద్దం పగిలి ముక్కలు గుడ్డని కోసేశాయి, 18 రోజుల పని అది. ఇప్పుడు గుడ్డని గట్టి అట్ట గొట్టానికి చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ వేసి పంపుతున్నా. ఫ్రేమ్ మీ ఊళ్లోనే కట్టించుకోండి అని కేటలాగ్‌లోనే రాసేశాను.