కోఠీ చూడకుండా పోయుంటే

నాన్నకు చార్మినార్, గోల్కొండ చూపిద్దామని ఖమ్మం నుంచి వచ్చాం. ఆయనేమో "అవి రాజులు కట్టించినవి కదరా, కోఠీకి పోదాం" అన్నారు. టూర్ బస్సు టికెట్ డబ్బులు పోయినట్టే.

కాచిగూడ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రమే కానీ గీజర్ పేరుకే. ఫోన్లో చెప్పిన అద్దె ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. పెద్దాయన ముందు గొడవెందుకని ఇచ్చేశా. అయినా అక్కడ దిగడమే మంచిదైంది. రాత్రి టిఫిన్ చేసి నడుస్తుంటే నాన్న షోయబుల్లా ఖాన్ సంగతెత్తారు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపిన కుర్రాడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఈ కాచిగూడలోనే రజాకార్లు చెయ్యి నరికి చంపారు. సెప్టెంబర్ 17న విలీనం. "నాలుగు వారాలు బతికుంటే చూసుకునేవాడు" అన్నారు నాన్న. ఆ రోడ్డు మీద ఇంకేం మాట్లాడుకోలేదు.

కోఠీకి పది లోపే వెళ్లండి. తర్వాత బండ్లు, బేరాలు, కాలు పెట్టే జాగా ఉండదు. బస్టాండ్ దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ఉంది. ఎవరూ ఆగి చూడరు, మేమూ ముందు దాటేసి వెనక్కొచ్చాం. నవాబూ కాదు, జాగీర్దారూ కాదు. 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి, రోహిల్లాలనే పఠాన్ యోధులను వెంటేసుకుని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి, అంటే నిజాం దగ్గర ఇంగ్లీషు వాళ్ల ప్రతినిధి ఉండే బంగళా మీదికి పోయాడు. ఆయన్ను తూప్రాన్ దగ్గర చంపారు, మౌల్వీని అండమాన్ జైలుకు పంపితే అక్కడే పోయాడు.

ఆ రెసిడెన్సీ ఇప్పుడు మహిళా యూనివర్సిటీలో ఉంది. చదువుకునే చోటు కాబట్టి పర్మిషన్ ముందే అడగాలి. మేం అడగలేదు, గేటు బయటే నిలబడ్డాం. 2024లో ఆ యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పొలం, పంట వదలని పాలకుర్తి ఆడమనిషి. తెల్లదొర బంగళా ఉన్న చోటికి ఆమె పేరు! నాన్న బోర్డు ఫొటో రెండుసార్లు తీయించుకున్నారు.

నాకు బాగా నచ్చింది సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని 1901లో పెట్టిన గ్రంథాలయం. టికెట్ లేదు, గైడ్ లేడు. నాన్న పేపర్ పట్టుకుని కూర్చుంటే గంటన్నర లేవలేదు.

చార్మినార్‌ను రాత్రి లైట్లలో, ఆటోలోంచే చూశాం.