డోవర్ లాకా, హార్విచ్ వంతెనా: రైలును ఓడ ఎక్కించడానికి ఏది మేలు?

రైలును పట్టాల మీదుగానే ఓడలోకి పంపే రేవులో ఇంజనీర్లను అన్నిటికంటే వేధించేవి ఆటుపోట్లు. ఒడ్డున పట్టాలు కదలవు. ఓడలోని పట్టాలు మాత్రం నీటితోపాటు లేస్తూ దిగుతూ ఉంటాయి. ఈ చిక్కును ఇంగ్లండులోని రెండు రేవులు రెండు దారుల్లో విప్పుకున్నాయి.

బెల్జియంలోని జేబ్రుగ్గకు 1924 ఏప్రిల్‌లో సర్వీసు మొదలుపెట్టిన హార్విచ్, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడిన ఓడలతోనే పని సాగించింది. ఒడ్డు వైపు కీలు మీద తిరిగే ఇనుప వంతెన, దాని బరువును తూచి నిలిపే ప్రతిభారాలు, రెండవ కొసన ఓడ వెనుక భాగం: ఏర్పాటంతా ఇంతే. నీటిమట్టాన్ని బట్టి వంతెన కొస లేస్తుంది, వంగుతుంది.

డోవర్‌లో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు 6 మీటర్లు. అంత తేడాకు తగిన వాలున్న వంతెన మీద పొడవాటి స్లీపర్ బోగీలను నడపడం కష్టం కనుక అక్కడ లాకు కట్టారు. ఓడ లోపలికి రాగానే గేటు మూసి, నీటిని పంపులతో నింపో తోడో, రెండు వైపుల పట్టాలనూ ఒకే మట్టానికి తెచ్చేవారు. ఆలోచన చక్కనిదే గాని, కట్టడం మాత్రం చుక్కలు చూపించింది. సుద్దరాతి పగుళ్లలోంచి నీరు ఊరుతూ ఉండడంతో గుంతను తోడి ఆరబెట్టడం సాధ్యం కాక, చివరకు నీటి అడుగునే కాంక్రీటు పోయవలసి వచ్చింది. ముందే తయారైన మూడు ఓడలు పని లేకుండా పడి ఉన్నాయి; లండన్-పారిస్ రాత్రి రైలు 'నైట్ ఫెర్రీ' 1936 అక్టోబరులో గాని బయలుదేరలేదు.

సరుకు వ్యాగన్ల వరకైతే నా ఓటు హార్విచ్‌కే. పంపుల ఖర్చు లేదు, నీటిమట్టం కుదిరేదాకా కాచుకోనక్కరలేదు. ఆ సర్వీసు 1987 జనవరి వరకూ నడిచింది. ప్రయాణికులతో నిండిన బోగీలకు మాత్రం డోవర్ లాకే తగినది, ఎందుకంటే సమతలం మీద బోగీ కుదుపు తక్కువగా కదులుతుంది. అయితే, ఓడలోకి చేరాక బోగీలను డెక్కుకు గొలుసులతో బిగించే చప్పుడుకు నిద్ర చెదిరిన ప్రయాణికులు, 1980 అక్టోబరులో ఆ రైలు ఆగిపోయేదాకా ఉంటూనే వచ్చారు. ఆ మోతను ఏ లాకూ ఆపలేదు.