ట్విలైట్: ఈసారి నాకు నచ్చింది బెల్లా వాళ్ల నాన్న

పదిహేడేళ్లప్పుడు ‘ట్విలైట్’ సినిమా చూస్తే నా కళ్లన్నీ హీరో ఎడ్వర్డ్ మీదే; బెల్లా అనే అమ్మాయిని ప్రేమించే వ్యాంపైర్, అంటే రక్తం తాగి బతికే జీవి, అతను. మొన్న మళ్లీ చూశాను. ఈసారి మనసంతా బెల్లా వాళ్ల నాన్న చార్లీ మీదకే పోయింది.

2008లో క్యాథరిన్ హార్డ్‌విక్ తీసిన ఈ సినిమాకు ఊరే ప్రాణం. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్: మూడు వేల పైచిలుకు జనం, ఎప్పుడూ ముసురు. ఎండ పడితే వ్యాంపైర్ల ఒళ్లు తళతళ మెరుస్తుంది, గుట్టు బయటపడుతుంది. అందుకే ఎడ్వర్డ్ కుటుంబానికి మబ్బు వీడని ఈ ఊళ్లో కాపురం. బేస్‌బాల్ కూడా ఉరుముల వేళే ఆడతారు, బ్యాట్ చప్పుడు పిడుగులా ఉంటుంది కాబట్టి. ఇలా కథను వాతావరణంతో ముడివేయడం నాకెంతో నచ్చింది. తెరంతా పరుచుకున్న ఆ నీలి రంగు చూస్తుంటే నాకే చలేసింది.

ఎడ్వర్డ్ ఎండలో మెరిసే సీన్ మాత్రం అప్పుడూ తేలిపోయింది, ఇప్పుడూ తేలిపోయింది. ముఖాల మీద తెల్ల పౌడర్ తెలిసిపోతోంది. అడక్కుండా రాత్రిపూట గదిలోకొచ్చి, నిద్రపోతున్న అమ్మాయిని చూస్తూ కూర్చోవడాన్ని ప్రేమ అని నేనిప్పుడు ఒప్పుకోలేను. కానీ అతను పియానో వాయించేటప్పుడు కార్టర్ బర్వెల్ కట్టిన ఆ బాణీ వినండి. దానికి ఇప్పటికీ కరిగిపోతాను.

ఇక చార్లీ. ఊరి పోలీస్ చీఫ్, ఒంటరి మనిషి, మాటలు తక్కువ. ఫీనిక్స్ నుంచి వచ్చిన కూతురికి పాత ఎర్ర ట్రక్కు కొనిస్తాడు. రోడ్లు మంచుతో జారుతున్నాయని, చెప్పకుండానే దానికి కొత్త టైర్లు వేయిస్తాడు. ప్రేమిస్తున్నానని ఒక్కసారీ అనడు. ఆ పాత్రలో బిల్లీ బర్క్ ఎక్కడా అతి చేయలేదు.

జేమ్స్ అనే ఇంకో వ్యాంపైర్ తన వెంటపడినప్పుడు నాన్నను కాపాడాలంటే బెల్లా ఇల్లు వదిలి పోవాలి. చార్లీ పోనివ్వడు. అందుకని, ఇప్పుడు వెళ్లకపోతే అమ్మలాగే ఇక్కడ ఇరుక్కుపోతానని కావాలనే అంటుంది. భార్య వదిలి వెళ్లిన గాయం మీదే దెబ్బ. బెల్లాగా చేసిన క్రిస్టెన్ స్టువర్ట్ గొంతు వణుకుతుంది. చార్లీ ఇంక ఆపడు, అక్కడే నిలబడిపోతాడు. ప్రేమ సీన్లన్నిటికంటే నన్ను ఏడిపించింది ఇదే. అప్పట్లో ఈ సీన్‌ని ఎలా పట్టించుకోలేదో!